మళ్లీ ఎప్పుడొస్తారు?

నారాయణగూడలో ఒక సంఘం హాలు నుంచి నేపాల్‌లో ఒక కొండ పల్లె దాకా... మిషన్ బృందంతో పన్నెండు రోజులు

సంఘం హాల్లో నేల మీద తెల్ల దుప్పటి పరిచారు. దాని నిండా కళ్లజోళ్లు. లెక్కపెడితే 340. స్త్రీల సమాజం అమ్మలు చుట్టూ కూర్చుని ఒక్కో జోడూ తీసి, అద్దాలు పమిట చెంగుతో తుడిచి, పవర్ చూసి, కాడకి చిన్న కాగితం చుట్టి, ఖాళీ బిస్కెట్ డబ్బాల్లో వేస్తున్నారు. ఒకటి ఒక డబ్బాలో, ఒకటిన్నర ఇంకో డబ్బాలో, రెండు, రెండున్నర, మూడు. కిటికీ అవతల నారాయణగూడ ఫ్లైఓవర్ మీద శనివారం సాయంత్రం బండ్లు బారులు తీరి ఉన్నాయి. వైఎంసీఏ చౌరస్తాలో హారన్లు ఆగడం లేదు. లోపల అద్దాలు ఒకదానికొకటి తగిలే చిన్న చప్పుడు.

"చత్వారానికి కులమా, మతమా? నలభై దాటితే ఎవరికైనా వచ్చేదే" అన్నారు అమ్మగారు. పాస్టరు అయ్యగారి భార్య ఆవిడ. ఈ ప్రయాణానికి మందుల కంటే ముందు కళ్లజోళ్లు పోగుచేయాలన్న ఆలోచన ఆవిడదే.

మేం 11 మందిమి. అయ్యగారు, అమ్మగారు, సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఒక ఆంటీ, చిక్కడపల్లిలో కళ్లద్దాల దుకాణం నడిపే అన్న, బ్యాంకు ఉద్యోగులు ఇద్దరు, ఒక టైలరు, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్న దుమ్ముగూడెం కుర్రాడు, నేను. ఎవరి సంచి వాళ్లే మోసుకోవాలి, 12 కిలోలు దాటకూడదు అని ముందే చెప్పారు. హాల్లో మూలన బరువు తూచే మిషను పెట్టారు. ఆ రాత్రి నా సంచి మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టాను. ఆఖరికి ఆవకాయ సీసా ఉంచుకుని రెండు స్వెట్టర్లలో ఒకటి తీసేశాను.

మర్నాడు పొద్దున సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

గుప్పెడు బియ్యం

మిషన్ అన్న మాట నేను మొదట విన్నది చిక్కడపల్లిలో మా ఇంటి వంటగదిలో. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు మా నాయనమ్మ గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసేది. నెలాఖరుకి ఆ డబ్బా గుడికి వెళ్లేది. "ఎవరికే ఇది?" అని అడిగితే "మనకి తెలియనివాళ్లకిరా" అనేది. ఖమ్మం వైపు పల్లెలో కరువు చూసి పెరిగిన మనిషి. ఆ గుప్పెడు ఒక్కనాడూ మానలేదు.

తెలుగువాళ్లకి మిషన్ అంటే చాలాకాలం మన దగ్గరికి వచ్చినవాళ్ల కథ. నెల్లూరు, ఒంగోలు, మచిలీపట్నం, మెదక్... పడవల మీదా బండ్ల మీదా దొరలు వచ్చారు, బళ్లు పెట్టారు, ఆసుపత్రులు కట్టారు. మెదక్‌లో ఆ పెద్ద గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయింది. ఇచ్చే చెయ్యి వాళ్లది, పుచ్చుకునే చెయ్యి మనది. ఆ చేతుల మధ్య ఎంత ప్రేమ ఉన్నా ఒక మెట్టు తేడా కూడా ఉండేది. ఆ తేడాని ప్రపంచం ముందు చెప్పిన మనిషి మన నేల మీద పనిచేసినవాడే. వేదనాయకం సామ్యేలు అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు. నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే జీవితం గడిపారు. 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగితే అక్కడ లేచి మాట్లాడారు. వచ్చినవాళ్ల త్యాగాన్ని తక్కువ చేయలేదు. కానీ ఇంతమంది ఇంత చేసినా మాకు స్నేహితులు దొరకలేదన్నారు. డబ్బు అడగలేదు, పదవి అడగలేదు, స్నేహం అడిగారు. రెండేళ్లకి, 1912లో, ఆయన డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

వందేళ్లు గడిచాయి. ఇప్పుడు మన వీధుల నుంచే బృందాలు బయల్దేరుతున్నాయి. అప్పుడు అడిగినవాళ్లం మనం. ఇప్పుడు వెళ్లేవాళ్లమూ మనమే. అజరయ్యగారి మాట ఇప్పుడు మన మీదికే వస్తుంది.

ఈ దారి కొత్తదేమీ కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి ముషీరాబాద్ వైపు వెళ్తే గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను ఉంది. పంజాబులో 1903లో పుట్టి, ఇంగ్లండులో ఇంజినీరింగు చదివి, కెనడాలో బాప్తిస్మం పొంది తిరిగొచ్చిన భక్తసింగ్ గారు ఆ హెబ్రోనునే తన పరిచర్యకు కేంద్రం చేసుకున్నారు. ఏటా అక్కడ పరిశుద్ధ సమాజ కూడికలు జరిగితే వేలమంది పందిళ్ల కింద చాపల మీద కూర్చునేవారు, బారుగా కూర్చుని భోంచేసేవారు. అలాంటి కూడికలు మద్రాసులో జరిగేవి, హిమాలయాల అంచున కాలింపాంగ్‌లోనూ జరిగేవి. మన ముషీరాబాద్ నుంచి ఆ కొండలకి మనుషుల రాకపోకలు అప్పటి నుంచే ఉన్నాయి. 2000 సెప్టెంబరు 17న భక్తసింగ్ గారు కన్నుమూశారు. ఆయన్ని నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికలో సమాధి చేశారు. మా బృందం బయల్దేరే ముందు రోజు అయ్యగారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. అందరం కాసేపు చెట్టు నీడలో నిలబడి ప్రార్థన చేసుకుని వచ్చాం.

గంగ దాటి, గడియారం తిప్పి

దానాపూర్ ఎక్స్‌ప్రెస్ నిండా ఊళ్లకి వెళ్తున్న బిహారీ కూలీలు. మన మెట్రో స్తంభాలు లేపిన చేతులు, మన అపార్టుమెంట్ల గోడలు కట్టిన చేతులు. సీటు కొసన ఒకరు, నడవాలో నలుగురు. టైలరు అన్న తన పులిహోర పొట్లం విప్పి ఎదుటి కుటుంబానికి సగం పెట్టేసరికి ఆ పిల్లల తల్లి సత్తుపిండి ఉండలు తీసి మా చేతుల్లో పెట్టింది.

చీకటిపడే వేళకి నాగ్‌పూర్ వచ్చింది. అక్కడ అయ్యగారు చెప్పిన కథ ఇది. మస్సూరీలో బడిపంతులుగా ఉన్న అమెరికన్ రాబర్ట్ ఫ్లెమింగ్‌కి పక్షులంటే ప్రాణం. అప్పటిదాకా బయటివాళ్లకి తలుపులు మూసి ఉన్న నేపాల్‌లోకి 1949లో ఆయన పక్షుల నమూనాల కోసం వెళ్లారు. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరైన భార్య బెతెల్, ఇంకో డాక్టరు స్నేహితుడు కూడా వెంట ఉన్నారు. తాన్సేన్ అనే కొండ ఊళ్లో వైద్యులు వచ్చారని తెలిసి రోగులు బారులు తీరారు. ఆ తర్వాత నేపాల్ ప్రభుత్వమే వైద్యశాలలు పెట్టమని పిలిచింది. ఆ పిలుపు అందుకోడానికి ఎనిమిది మిషన్లు కలిసి యునైటెడ్ మిషన్ టు నేపాల్‌గా ఏర్పడ్డాయి. ఆ సమావేశం జరిగింది ఇదే నాగ్‌పూర్‌లో, 1954 మార్చి 5న. సేవ చేయండి, మతం మార్చకండి అన్నది నేపాల్ షరతు. వాళ్లు ఒప్పుకుని వెళ్లారు.

"షరతు మీద వెళ్లడం చిన్నతనం అనుకున్నవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. కానీ చుట్టం వెళ్లాల్సింది ఇంటివాళ్లు తెరిచిన తలుపులోంచే" అన్నారు అయ్యగారు. రైలు కదిలింది.

మర్నాడు గంగ దాటి, ముజఫర్‌పూర్, మోతీహారీ మీదుగా బస్సులో రక్సౌల్ చేరాం. ఆ దారికి కాస్త పడమరన బెతియా ఉంది. అక్కడికి దగ్గర్లో చుహరీ అనే పల్లె. 18వ శతాబ్దంలో కాపుచిన్ సన్యాసులు కాఠ్మాండూ లోయలో మల్ల రాజుల అనుమతితో ఉండేవారు. గోర్ఖా రాజు పృథ్వీనారాయణ్ షా లోయని జయించాక 1769లో వాళ్లనీ, వాళ్లతో ఉన్న నేపాలీ క్రైస్తవులనీ దేశం దాటించారు. వాళ్లు వచ్చి స్థిరపడింది చుహరీలో. ఆ తర్వాత దాదాపు 180 ఏళ్లు తలుపు తెరుచుకోలేదు. తెరుచుకునేదాకా గుమ్మం దగ్గర కాచుకున్నవాళ్లు ఎందరో. రక్సౌల్‌లో స్కాట్లండ్ డాక్టరు సెసిల్ డంకన్ 1930లో పెట్టిన ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. సరిహద్దు అవతలి రోగులు ఇవతలికి వచ్చి వైద్యం చేయించుకునేవారు. మరోవైపు నౌతన్వా దగ్గర లిలీ ఒహాన్లన్ అనే డాక్టరమ్మ, హిల్డా స్టీల్ అనే స్నేహితురాలు కలిసి మందులిస్తూ ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 1952లో అనుమతి రాగానే సామాను కూలీల వీపుల మీద పెట్టించి పోఖరాకి నడిచి వెళ్లారు. వాళ్లు వేసిన అల్యూమినియం రేకుల షెడ్లు ఎండలో తళతళలాడితే జనం దాన్ని మెరిసే ఆసుపత్రి అన్నారు. అదే పేరైపోయింది.

సరిహద్దులో మాకు ఎదురుదెబ్బ తగిలింది. తప్పు మాదే. మందుల పెట్టెలు రెండు తెచ్చాం గానీ వాటికి ఉండాల్సిన అనుమతి పత్రం పూర్తిగా లేదు. రెండు గంటలు మాట్లాడినా పని కాలేదు. అవి ఇవతలే పరిచయస్తుల ఇంట్లో వదిలేశాం. కళ్లజోళ్లని మాత్రం రానిచ్చారు. నర్సు ఆంటీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆరు నెలలు పోగుచేశాను నాయనా" అంది. ఆ పూట ఎవరికీ భోజనం సహించలేదు.

అవతల వీర్‌గంజ్‌లో చేతి గడియారాలు పావుగంట ముందుకి తిప్పుకున్నాం. నేపాల్ కాలం మనకంటే 15 నిమిషాలు ముందు. మన వంద రూపాయలు అక్కడ 160. హెటౌడా మీదుగా వెళ్తే నారాయణ్‌ఘాట్ అనే ఊరు వచ్చింది. నారాయణగూడలో బయల్దేరి నారాయణ్‌ఘాట్ చేరామని అమ్మాయిలు సంబరపడ్డారు. అక్కడి నుంచి ముగ్లింగ్ దాకా ఒకపక్క కొండ, ఇంకోపక్క లోతున త్రిశూలి నది. 2024 జులైలో వానలకి కొండచరియ విరిగిపడి రెండు బస్సులు మనుషులతో సహా నదిలో కొట్టుకుపోయింది ఈ దారిలోనే. అందుకే వానలు వెలిశాక, కార్తీకంలో ప్రయాణం పెట్టుకున్నాం. ఆ మలుపు దగ్గర డ్రైవరు ఒక్క క్షణం చెయ్యి గుండెకి ఆనించుకుని మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు.

తాళం చెవి ఎవరి దగ్గర

బయల్దేరక ముందే మా అందరి చేతా ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. కరపత్రాలు పంచకూడదు. వీధిలో ప్రసంగాలు చేయకూడదు. వైద్యానికి ప్రార్థనని ముడిపెట్టకూడదు. ఎవరికీ డబ్బు ఇవ్వకూడదు. అడగకుండా ఫొటో తీయకూడదు. అక్కడి సంఘం చెప్పిన మాట దాటకూడదు.

దీనికి చట్టపరమైన కారణం ఉంది. 2015లో అమల్లోకి వచ్చిన నేపాల్ రాజ్యాంగం 26వ అధికరణ ప్రకారం ఎవరి మతం వాళ్లు ఆచరించుకోవచ్చు గానీ, ఇంకొకరిని మతం మార్పించడం నిషిద్ధం. 2018 ఆగస్టు నుంచి అమలవుతున్న శిక్షాస్మృతిలో దానికి ఐదేళ్ల దాకా జైలు, 50,000 రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. విదేశీయులైతే శిక్ష ముగిశాక దేశం నుంచి పంపేస్తారు. ఈ చట్టం మీద అక్కడా వాదాలున్నాయి. మనస్సాక్షి స్వేచ్ఛకి ఇది అడ్డమని నేపాలీ క్రైస్తవులు అంటారు. పేదరికాన్ని ఆసరా చేసుకునే బయటివాళ్ల నుంచి కాపుదల అని ఇంకొందరు అంటారు.

మా బృందంలోనే ఒకరికి మనసు ఒప్పలేదు. బ్యాంకు అన్న రైల్లో అడిగారు: "సువార్త చెప్పకుండా మిషన్ ఏంటి అయ్యగారూ?" ఆ ప్రశ్నలో నిజాయితీ ఉంది. దానికి జవాబు కొండ ఎక్కాక అక్కడి పాస్టరు చెప్పారు. నలభై ఏళ్ల మనిషి, అందరూ 'దాయి' అని పిలుస్తారు, అంటే అన్నయ్య. టీ గ్లాసులు అందిస్తూ హిందీలో నెమ్మదిగా అన్నారు. "మీరు నాలుగు రోజులు మాట్లాడి వెళ్లిపోతారు. ఆ మాటలకి జవాబు మేం నలభై ఏళ్లు చెప్పుకోవాలి. మా పొరుగువాళ్లు అడిగినప్పుడు మా విశ్వాసం గురించి మేమే చెప్పుకుంటాం, మా భాషలో. మీరు మా ఇంటికి చుట్టాలు. మీ ముఖం చూసి మా ఊరు సంతోషపడితే చాలు."

లెక్కలు కూడా ఆయన మాటనే బలపరుస్తాయి. 1961 జనాభా లెక్కల్లో నేపాల్‌లో క్రైస్తవులు 458 మంది. 2011కి 3,75,699. 2021కి 5,12,313, జనాభాలో రెండు శాతం కంటే తక్కువ. విదేశీ మిషన్ల నోటికి షరతు ఉన్న కాలంలో, 1990 దాకా మతం మారితే జైలుకి పంపిన కాలంలో ఈ సంఘాలు వేళ్లూనాయి. వాటిని నాటినవాళ్లలో ఎక్కువమంది నేపాలీలే. డార్జిలింగ్ కొండల నుంచి తిరిగొచ్చిన కూలీలు, సైన్యం నుంచి పెన్షనుతో వచ్చినవాళ్లు, ఆసుపత్రిలో మంచం పక్కన ఎవరో చూపించిన దయని మర్చిపోలేనివాళ్లు. బ్యాంకు అన్న ఆ సాయంత్రం చాలాసేపు లోయ వైపు చూస్తూ కూర్చున్నారు. మర్నాడు పొద్దున్నే లేచి అందరికంటే ముందు నీళ్లు మోశారు.

లాల్‌పుర్జా

ఊరి పేరు రాయడం లేదు, అక్కడివాళ్ల కోరిక మీద. గోర్ఖా జిల్లాలో, జీపు దారి ఆగాక రెండున్నర గంటల నడక. 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపానికి కేంద్రం ఈ జిల్లాలోని బార్పాక్. దాదాపు 9,000 మంది పోయారు. ఆ రోజు శనివారం, సమయం 11 గంటల 56 నిమిషాలు. నేపాల్‌లో వారాంతపు సెలవు శనివారం కాబట్టి బళ్లు ఖాళీగా ఉండి లక్షలమంది పిల్లలు బతికారు. అదే కారణంగా ఆరాధన కోసం గుళ్లలో కూర్చున్నవాళ్లు కొందరు గోడల కింద పడిపోయారు. మేం వెళ్లిన ఊరి గుడి రాతి గోడలు కూడా అప్పుడే కూలాయి. ఇప్పుడున్నది రేకుల కప్పు, సిమెంటు దిమ్మెలు.

పంచాయతీ ఆరోగ్య కేంద్రం వరండాలో మా బిస్కెట్ డబ్బాలు తెరిచాం. అక్కడి ఆరోగ్య కార్యకర్తదే పెత్తనం. నేపాల్‌లో విదేశీ డాక్టరు వైద్యం చేయాలంటే అక్కడి వైద్య మండలి దగ్గర తాత్కాలిక నమోదు ఉండాలి. మాలో డాక్టర్లు లేరు కాబట్టి మేం చేసింది ఆమె చెప్పిన పని. నర్సు ఆంటీ బీపీ చూసి రాసిస్తే, చిక్కడపల్లి అన్న చిన్న అక్షరాల అట్ట పట్టుకుని చూపు చూశాడు.

ఎనభైకి దగ్గరపడ్డ ఒక తాత వచ్చాడు. రెండున్నర పవర్ పెట్టగానే అట్ట పక్కకి నెట్టేశాడు. చొక్కా లోపలి నుంచి ప్లాస్టిక్ కవర్ తీశాడు. దాంట్లో నాలుగు మడతల కాగితం. లాల్‌పుర్జా. అంటే మన పట్టాదారు పాసుపుస్తకం లాంటిది. భూకంపం తర్వాత ఇల్లు కట్టుకోడానికి ప్రభుత్వం విడతలుగా ఇచ్చిన 3 లక్షల నేపాలీ రూపాయలకి ఆ కాగితమే ఆధారమైంది. అది లేనివాళ్లు తిరిగి తిరిగి అలసిపోయారు. తాత ఆ కాగితం ఒళ్లో పరుచుకుని, వేలు పెట్టి, పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం చదివాడు. చుట్టూ ముప్పై మంది ఉన్నా వరండాలో చప్పుడు లేదు. తన పేరు దగ్గర వేలు ఆగింది. తండ్రి పేరు దగ్గర ఇంకాసేపు ఆగింది. మడతల వెంటే మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని, చిక్కడపల్లి అన్న తల మీద చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

తర్వాత ఒక ఆమా వచ్చింది, అంటే అమ్మ. చేతిలో సాలాకుల కట్ట, వెదురు పుల్లలు. టపరీలు కుడుతుంది, మన విస్తర్ల లాంటివే. పుల్ల ఆకులో దిగే చోటు కనపడక వేళ్లకి గుచ్చుకుంటోందని చూపించింది. చూపుడువేలు నిండా నల్లటి చుక్కలు. ఒకటిన్నర పెట్టాం, రెండు పెట్టాం, రెండున్నర, మూడు. మూడు పెట్టుకుని ఆకు కళ్ల దగ్గరికి తెచ్చుకుంది, దూరం జరిపింది. తల అడ్డంగా ఊపింది. మా దగ్గర అంతకంటే ఎక్కువ లేదు. ఒక కంట్లో శుక్లం కూడా ఉందేమోనని ఆంటీ అనుమానం. ఆమా కళ్లజోడు తీసి, మా అమ్మలు చుట్టిన కాగితం నలగకుండా, జాగ్రత్తగా డబ్బాలో పెట్టింది. కోపం లేదు. నిష్ఠూరం లేదు.

"ఫేరి కహిలే ఆఉనే?" అంది. మళ్లీ ఎప్పుడొస్తారు?

మా 11 మందిలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. పన్నెండు రోజుల ప్రయాణం గురించి ఆరు నెలలు ప్రార్థన చేశాం, రైళ్లు చూశాం, బరువులు తూచాం. పదమూడో రోజు గురించి ఎవరం ఆలోచించలేదు.

కోయ కుర్రాడి మాట

ఆ రాత్రి పొయ్యి చుట్టూ కూర్చున్నాం. ఢింఢో పెట్టారు. రాగిపిండి ఉడికించి గెలికింది, అచ్చం మన సంకటే. పక్కన పులవబెట్టి ఎండబెట్టిన ఆకుకూర గుంద్రుక్ పులుసు. నా ఆవకాయ సీసా చేతులు మారుతూ ఖాళీ అయింది. దుమ్ముగూడెం కుర్రాడు అప్పటిదాకా పెద్దగా మాట్లాడలేదు. పగలంతా ఊరివాళ్ల డోకో బుట్ట నుదుటికి నామ్లో పట్టీతో తగిలించుకుని, మెట్లు దిగి, కట్టెలు మోశాడు. మొదటి రోజే వాళ్ల నడక వచ్చేసింది.

"అన్నా, ఒక మాట చెప్పనా" అన్నాడు. "మాది కోయగూడెం. చిన్నప్పుడు మా ఊరికి జీపుల్లో వచ్చేవాళ్లు. బిస్కెట్లు ఇచ్చి, మమ్మల్ని వరసలో నిలబెట్టి ఫొటోలు దిగి వెళ్లేవాళ్లు. మంచివాళ్లే. కానీ మా తాత వాళ్ల గురించి మాట్లాడగా వినలేదు. ఎప్పుడూ పాత దొర గురించే చెప్పేవాడు. మా మాట నేర్చుకున్నాడని."

ఆ దొర ఎవరో అయ్యగారికి తెలుసు. గోదావరి మీద పడవల రాకపోకలకి ఆనకట్ట పనులు చేయిస్తున్న ఇంజినీరు హేగ్ చొరవతో 1860ల్లో దుమ్ముగూడెంలో కోయ మిషన్ మొదలైంది. ముందు నిలబడ్డవాడు ఆయన కింద పనిచేసిన తెలుగు ఉద్యోగి వెంకటరామ రాజు. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దశాబ్దాల పాటు అక్కడే ఉన్నారు. కోయల మాట, కోయల కథలు, పండగలు శ్రద్ధగా విని రాసుకున్నారు. 1870ల్లో 'ఇండియన్ యాంటిక్వరీ'లో ఆయన రాసిన వ్యాసాలు ఇప్పటికీ పరిశోధకులు తిరగేస్తారు. ఆయన రాసిన ప్రతిదీ ఈ రోజు మనం ఒప్పుకోలేం. కానీ ఆయన ఉండిపోయారు. ఆ ఉండిపోవడమే మనవడి దాకా వచ్చింది.

"మనం ఏం తెచ్చామో వీళ్లకి గుర్తుండదన్నా. మళ్లీ వచ్చామా లేదా అన్నది గుర్తుంటుంది" అన్నాడు కుర్రాడు. పొయ్యిలో కట్టె ఎగదోశాడు.

అజరయ్యగారు ఎడిన్‌బరోలో అడిగిందీ, ఆమా వరండాలో అడిగిందీ ఒకటేనని నాకు అప్పుడు అర్థమైంది. స్నేహితుడికీ దాతకీ తేడా రెండో రాకలో తెలుస్తుంది.

శనివారం ఆదివారమైన చోట

శనివారం పొద్దున ఆరాధన. గుమ్మం బయట చెప్పుల గుట్ట. లోపల ఒకవైపు ఆడవాళ్లు, ఒకవైపు మగవాళ్లు, చాపల మీద. హెబ్రోనులో చిన్నప్పుడు చూసిన దృశ్యమే. "జయ్ మసీ" అని రెండు చేతులూ జోడించి ఒకరినొకరు పలకరించుకున్నారు. మాదల్ డప్పు మోగింది. పాటలు అర్థం కాకపోయినా చేతులు వాటంతటవే తాళం వేశాయి.

మమ్మల్ని ముందుకి పిలిచి మాట్లాడమన్నారు. అయ్యగారు లేచి, మా సంఘం వందనాలు చెప్పి, రెండు నిమిషాల్లో కూర్చున్నారు. తర్వాత వాళ్లు మా కోసం ప్రార్థన చేశారు. మోకాళ్ల మీద ఉన్న మా చుట్టూ చేరి, భుజాల మీద చేతులు వేసి, హైదరాబాద్ కోసం, మా పిల్లల చదువుల కోసం, సరిహద్దులో ఆగిపోయిన నర్సు ఆంటీ మందుల కోసం. ఇవ్వడానికి వెళ్లినవాళ్లం తలలు వంచి పుచ్చుకున్నాం. ఆంటీ ఏడ్చేసింది. రక్సౌల్‌లో ఏడ్చినట్టు కాదు.

కిందికి దిగే ముందు దాయితో కూర్చుని మాట్లాడుకున్నాం. ఆమా కంటికి కావాల్సింది మా దగ్గర లేకపోయినా ఆ దేశంలోనే ఉంది. కాఠ్మాండూలో తిలగంగ నేత్రాలయం 1994 నుంచి పనిచేస్తోంది. దాన్ని నడిపించిన డాక్టర్ సందుక్ రుయిత్ కొండ పల్లెలో పుట్టినవాడే. తక్కువ ఖర్చుతో శుక్లం తీసే పద్ధతినీ, కంటిలో పెట్టే కటకాల తయారీనీ పేద దేశాలకి అందించిన వైద్యుడు. ఆమాని అక్కడికి తీసుకెళ్లే పని దాయిది, దారి ఖర్చు మా స్త్రీల సమాజానిది అని అనుకున్నాం.

నోటుబుక్కు

ఇప్పుడు చిక్కడపల్లిలో ఆ అన్న దుకాణం గల్లాపెట్టె పక్కన ఒక రూళ్ల నోటుబుక్కు ఉంటుంది. పవర్ దొరకని 27 మంది పేర్లు దాంట్లో ఉన్నాయి. పేరు పక్కన కావాల్సిన నంబరు, ఆ పక్కన ఆ మనిషి చేసే పని. టపరీలు కుట్టడం. బడిలో పాఠాలు. మేకలకి ముల్లు తీయడం. సంఘం వాళ్లు ఎవరొచ్చినా ఆయన ముందు ఆ పుస్తకమే తెరుస్తాడు. నారాయణగూడలో స్త్రీల సమాజం మళ్లీ బియ్యం డబ్బా మొదలుపెట్టింది. ఈసారి కార్తీకానికి నలుగురే వెళ్తున్నారు, ఎక్కువ రోజులు ఉండడానికి. కోయ కుర్రాడు గ్రూప్-2 పుస్తకాల మధ్య నేపాలీ వాచకం పెట్టుకుని చదువుతున్నాడు.

మొన్న దుకాణానికి వెళ్తే అన్న పుస్తకం నా వైపు తిప్పాడు. ఆమా పేరు పక్కన నంబరు కొట్టేసి ఉంది. కుడి కన్ను ఆపరేషను అయింది, పాత నంబరు పనికిరాదు, కొత్తది అక్కడికి వెళ్లాకే చూడాలి అన్నాడు. నంబరు కొట్టేసిన చోట ఖాళీ వదిలి, కింద తేదీ ఒకటి రాసి ఉంది. నవంబరులో బృందం కొండ ఎక్కే రోజు.

వెళ్లాలనుకునే బృందాలకి

• అక్కడి సంఘం పిలిచాకే వెళ్లండి. పని ఏమిటో వాళ్లు చెప్పాలి.

• ఆ దేశం చట్టం బయల్దేరక ముందే చదవండి. మీరు గీత దాటితే చిక్కుల్లో పడేది మీరొక్కరే కాదు, అక్కడుండేవాళ్లు కూడా.

• మందులు తీసుకెళ్లాలంటే అనుమతి పత్రాలు ముందే తెప్పించుకోండి. లేకపోతే అక్కడే కొనడం మేలు.

• భారతీయులకి నేపాల్ వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ దగ్గరుండాలి.

• వానాకాలం కొండదారులు పెట్టుకోవద్దు. ఎవరి సంచి వాళ్లే మోయాలి.

• పది మాటలైనా ఆ భాష నేర్చుకోండి.

• తిరుగు టికెట్టుతో పాటు రెండో ప్రయాణం తేదీ కూడా అనుకుని బయల్దేరండి.